అన్న ఇక ర్యాప్ రాయనంటున్నాడు, నేనేం చేయాలి?

ప్రశ్న: అన్నా, మాది కరీంనగర్. నేను, మా అన్న కలిసి ఆరేళ్లుగా తెలుగు ర్యాప్ చేస్తున్నాం. అన్న నాకంటే ఐదేళ్లు పెద్ద. ముందు రాయడం మొదలుపెట్టింది వాడే, నాకు నేర్పిందీ వాడే. మా పాటలన్నీ గల్లీ, గొడవలు, గంజాయి, కేసుల చుట్టూనే తిరుగుతాయి. మేమైతే ఎప్పుడూ వాటి జోలికి పోలేదు. అక్కడా ఇక్కడా విన్నది కలిపి రాశాం. జనానికి నచ్చింది, చానల్ పెరిగింది. పోయిన దసరా తర్వాత మా గల్లీ పిల్లాడొకడు గంజాయి కేసులో దొరికాడు. వాడి వాట్సాప్ స్టేటస్‌లో ఎప్పుడూ మా పాటే ఉండేది. అప్పటి నుంచి అన్న మారిపోయాడు. ఈమధ్యే వదినకు పాప పుట్టింది. మొన్న ‘నా వల్ల కాదురా, ఇక రాయను’ అని ముఖం మీదే చెప్పేశాడు. ఒక కాలేజీ ఫెస్ట్ వాళ్లు నన్నొక్కడినైనా రమ్మంటున్నారు. శుక్రవారంలోగా చెప్పాలి. అమ్మేమో అన్నను ఇబ్బంది పెట్టకు అంటోంది. నాకు మాత్రం వాడు నన్ను నడిరోడ్డు మీద వదిలేసి పోయినట్టుంది. అమెరికాలో అన్నదమ్ముల ర్యాప్ జంట క్లిప్స్‌లో అన్న మాలిస్ కూడా ఇలాగే వెళ్లిపోయి 16 ఏళ్ల తర్వాత తిరిగొచ్చాడు కదా. తమ్ముడు పుషా టి తన అన్నను ఎలా వెనక్కి తెచ్చుకున్నాడు? నేనేం చేయాలి?

సమాధానం: తమ్ముడూ, నీ ఆఖరి మాటతోనే మొదలుపెడతాను. పుషా టి తన అన్నను వెనక్కి తెచ్చుకోలేదు. వెళ్లనిచ్చాడు. నువ్వు కూడా మీ అన్నను వెళ్లనివ్వు. మనసులో కోపం పెట్టుకోకుండా, తేదీలు అడగకుండా, ‘ఎప్పటికైనా రాకపోతాడా’ అనే లెక్క వేసుకోకుండా వెళ్లనివ్వు. ఇది నీకు రుచించదని తెలుసు. ఉత్తరమంతా తమ్ముడి వైపు నుంచే రాశావు. పుషా టి గురించి అడిగావు గానీ మాలిస్ గురించి అడగలేదు. అందుకే నేను ముందు ఆ అన్న గురించి చెప్తాను.

మాలిస్ అసలు పేరు జీన్ థార్న్‌టన్, పుషా టి టెరెన్స్ థార్న్‌టన్. వాళ్లిద్దరికీ కూడా దాదాపు ఐదేళ్ల తేడానే. 1972లో అన్న, 1977లో తమ్ముడు. పుట్టింది న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో అయినా పెరిగింది వర్జీనియా బీచ్‌లో. వాళ్లింట్లోనూ ముందు ర్యాపర్ అన్నే. తమ్ముడు అన్న వెంట స్టూడియోకి పోయి కూర్చునేవాడు. అలా కూర్చుని కూర్చుని తనూ ఒక వెర్స్, అంటే పాటలో ఒక ర్యాపర్ చెప్పే భాగం, రాశాడు. అదే ఊళ్లో బీట్లు చేసుకుంటున్న ఫారెల్ విలియమ్స్ వాళ్లిద్దరినీ జంటగా నిలబెట్టాడు. అలా తొంభైల్లో క్లిప్స్ పుట్టింది. నీకు నేర్పింది మీ అన్నే అన్నావు కదా, ఆ మాట దగ్గర కాసేపు ఆగు. ఇలాంటి జంటలో తమ్ముడు కళ్లు తెరిచేసరికే అన్న అక్కడుంటాడు. ఆ అన్న లేకుండా పాట ఎలా ఉంటుందో తమ్ముడికి తెలియదు. నీకు ఇప్పుడు కలుగుతున్న భయం చాలావరకు అదే. దానికి నువ్వు ద్రోహం అని పేరు పెట్టుకుంటున్నావు.

మొదట్లో వాళ్లకేమీ కలిసి రాలేదు. ఎలక్ట్రా అనే పెద్ద లేబుల్‌తో, అంటే పాటలు విడుదల చేసే సంస్థతో, కాంట్రాక్ట్ కుదిరింది, ఆల్బమ్ రికార్డ్ చేశారు. 1999లో వదిలిన మొదటి పాట ఆడలేదు. లేబుల్ ఆ ఆల్బమ్‌ను అటకెక్కించి వీళ్లను పంపించేసింది. తర్వాత ఫారెల్ సొంతంగా స్టార్ ట్రాక్ లేబుల్ పెట్టి వీళ్లను తీసుకున్నాడు. 2002లో ‘గ్రైండిన్’ వచ్చింది. నువ్వు ఆ పాట వందసార్లు వినే ఉంటావు గానీ, ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బీట్ ఒక్కటే విను. అందులో రాగమంటూ దాదాపు ఏమీ లేదు. బల్ల మీద పిడికిలితో గుద్దినట్టు డ్రమ్, మధ్యమధ్య నాలుకతో టక్కుమనిపించినట్టు ఒక చప్పుడు. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీలో ఇద్దరు అన్నదమ్ములు కొకైన్ అమ్మకం గురించి చెప్తుంటారు. ఆ బీట్ విని వెంటనే స్టూడియోకి రాకపోతే దాన్ని పేరున్న ర్యాపర్ జే-జీకి ఇచ్చేస్తానని ఫారెల్ ఫోన్ చేశాడట. అమెరికా అంతటా స్కూలు పిల్లలు లంచ్ టేబుళ్ల మీద చేతులతో ఆ బీట్ కొట్టారు. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన ‘లార్డ్ విల్లిన్’ ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ 200 చార్ట్‌లో 4వ స్థానంలో అడుగుపెట్టింది.

స్కూలు పిల్లలు అన్నాను చూడు, దాన్ని గుర్తుపెట్టుకో. మీ గల్లీ పిల్లాడి స్టేటస్ దగ్గర మళ్లీ దానికే వస్తాం.

హిట్ కొట్టిన తర్వాతే అసలు కష్టం మొదలైంది. 2004లో సోనీ, బీఎంజీ అనే రెండు పెద్ద సంగీత సంస్థలు కలిసిపోయాయి. ఆ కలగాపులగంలో ఫారెల్ లేబుల్ ఒకవైపు పోయింది, వీళ్ల కాంట్రాక్ట్ జైవ్ అనే ఇంకో లేబుల్ చేతిలో ఇరుక్కుంది. అక్కడేమో పాప్ పాటలకు ముందు, వీళ్లకు తర్వాత. రెండో ఆల్బమ్ బయటికి రాదు, వదిలేయమంటే వదలరు. చివరికి కోర్టుకెక్కారు. ఆ రోజుల్లో ఖాళీగా కూర్చోకుండా ఇద్దరు స్నేహితులను కలుపుకుని ఇతరుల బీట్ల మీద ‘వి గాట్ ఇట్ ఫర్ చీప్’ అనే మిక్స్‌టేప్‌లు చేసి జనంలోకి వదిలారు. నన్నడిగితే వాళ్లను నిలబెట్టినవి అవే. 2006 నవంబర్‌లో ఎట్టకేలకు ‘హెల్ హాథ్ నో ఫ్యూరీ’ వచ్చింది. చార్ట్‌లో 14వ స్థానమే దక్కింది గానీ, విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పటికీ నేను ఎక్కువగా వినే క్లిప్స్ ఆల్బమ్ అదే.

ఆ ఆల్బమ్‌లో ఆఖరి పాట పేరు ‘నైట్‌మేర్స్’. ఎవరు వెనక వస్తున్నారో, ఎవరు చంపుతారో, ఎప్పుడు పట్టుబడతామో అనే భయమే ఆ పాట మొత్తం. అదే ఆల్బమ్‌లో అమ్మను క్షమించమని అడిగే పాట కూడా ఉంది. అంటే అప్పటికే లోపల ఏదో మొదలైంది. బయటికి మాత్రం ఇద్దరూ డబ్బు, కార్లు, సరుకు అంటూనే ఉన్నారు. మీ పాటల్లో కూడా ఇలాంటిది ఉంటుందని నా అనుమానం. ఈ వారం ఒక పని చెయ్యి. గత రెండేళ్లలో మీరు చేసిన పాటలు వరసగా పెట్టుకుని, నీ వెర్స్ వచ్చినప్పుడల్లా దాటేసి, అన్న వెర్స్‌లు మాత్రమే విను. వాడు మొన్న ముఖం మీద చెప్పిన మాట అంతకుముందే ఎక్కడో ఒకచోట రాసే ఉంటాడు. నువ్వు నీ లైన్ల హడావిడిలో దాన్ని పట్టించుకుని ఉండవు.

2009లో వాళ్లకు పెద్ద దెబ్బ తగిలింది. క్లిప్స్‌కు మేనేజర్‌గా ఉన్న ఆంటొనీ గొంజాలెజ్‌ను, ఇంకొందరు దగ్గరివాళ్లను ఫెడరల్ డ్రగ్స్ కేసులో అరెస్ట్ చేశారు. తర్వాత ఆ మేనేజర్‌కు 32 ఏళ్ల శిక్ష పడింది. అన్నదమ్ముల మీద కేసు లేదు. కానీ పాటల్లో ప్రాసగా పడిన మాటలు పక్కన కూర్చునే మనిషి జీవితాన్ని మింగేశాయి. ఆ డిసెంబర్‌లోనే మూడో ఆల్బమ్ వచ్చింది. మాలిస్ మాత్రం మనసులో అప్పటికే బయటికి వెళ్లిపోయాడు. దేవుడి వైపు తిరిగాడు. 2011లో తన కథంతా పుస్తకంగా రాశాడు. 2012లో పేరు ముందు ‘నో’ చేర్చి నో మాలిస్, అంటే ద్వేషం లేనివాడు, అయ్యాడు. తన పాటలు వినే పిల్లల మీద వాటి ప్రభావం ఎలా ఉంటుందో ఆ తర్వాత చాలాసార్లు మాట్లాడాడు.

ఆయన వదులుకున్నది చిన్నదేం కాదు. కెరీర్ బాగానే ఉంది, అభిమానులు ఉన్నారు, తమ్ముడికి పెద్ద పెద్ద అవకాశాలు వస్తున్నాయి. అవన్నీ చూస్తూ, తెలిసి తెలిసి పక్కకు తప్పుకున్నాడు. చాలామంది అభిమానులు కోప్పడ్డారు, కొందరు ఎగతాళి చేశారు. మీ అన్నకు కూడా ఈపాటికి కామెంట్లలో తిట్లు మొదలయ్యే ఉంటాయి. మీ అన్న అలిసిపోయి మానేస్తే, ఇంకో ఊరికి ఉద్యోగానికి పోతూ మానేస్తే నేను వేరేగా రాసేవాణ్ని. కానీ వాడు ఒక పిల్లాడి గురించి ఆలోచించి మానేశాడు. ఆ పిల్లాడు కేసులో దొరకడానికి మీ పాటే కారణమని నేను అనను. ఒక పాట అంత పని చేయదు. అయినా తన గొంతు ఆ పిల్లాడి ఫోన్‌లో మోగుతుంటే మీ అన్నకు నిద్ర పట్టలేదు. అలాంటి మనిషి నీకు అన్న అయినందుకు సంతోషించు. నేను మాట వరసకు అనడం లేదు.

ఇప్పుడు తమ్ముడి దగ్గరికి వద్దాం. పుషా టి 2010లో ర్యాపర్ కాన్యే వెస్ట్ లేబుల్‌లో చేరాడు. 2013లో సోలో ఆల్బమ్, 2015లో ఆ లేబుల్‌కే ప్రెసిడెంట్, 2018లో ఏడే పాటల ‘డేటోనా’. ఆ 21 నిమిషాల ఆల్బమ్‌కు గ్రామీలో బెస్ట్ ర్యాప్ ఆల్బమ్ నామినేషన్ వచ్చింది. ఇవన్నీ నీకు తెలిసినవే. నువ్వు గమనించని సంగతి ఇంకొకటుంది. 2013లో నో మాలిస్ ‘హియర్ యే హిమ్’ అనే భక్తి నిండిన ఆల్బమ్ చేశాడు. అందులో ‘షేమ్ ది డెవిల్’ అనే పాటలో పుషా టి వెర్స్ ఉంది. ఆ రోజుల్లో ఇద్దరూ రాస్తున్నది పూర్తిగా వేరు. తమ్ముడు ఇంకా కొకైన్ గురించే రాస్తున్నాడు, అన్న ఆ రాతను వద్దనుకుని వచ్చేశాడు. అయినా అన్న పిలిచాడు, తమ్ముడు వెళ్లాడు. నువ్వు మారాలని అన్న పట్టుబట్టలేదు, నువ్వు మారిపోయావేంటని తమ్ముడు నిలదీయలేదు. ఇంటర్వ్యూల్లో అన్న గురించి అడిగిన ప్రతిసారీ పుషా గౌరవంగానే మాట్లాడాడు. ర్యాప్‌లో పుషా టి నోటికి అడ్డూ అదుపూ ఉండదని ఇంకో ర్యాపర్ డ్రేక్‌తో జరిగిన గొడవ చూసినవాళ్లందరికీ తెలుసు. ఆ నోరు అన్న మీదికి మాత్రం ఒక్కసారీ లేవలేదు. ఆ కొన్నేళ్లూ ఆయన తన సొంత పేరుతోనే పనిచేశాడు. క్లిప్స్ అనే పేరును ముట్టుకోలేదు, అన్న చోట్లో ఇంకొకరిని నిలబెట్టలేదు.

వాళ్లు కలిసిన తీరు కూడా నువ్వనుకున్నట్టు ఒక్కసారిగా జరగలేదు. 2019లో కాన్యే ఆల్బమ్‌లో దేవుడి మీద పాట ఒకటి వచ్చింది, ఆ పాటకు ఇద్దరూ వెర్స్ ఇచ్చారు. గమనించు, అన్న నమ్మకానికి సరిపోయే పాట అది. 2022లో పుషా ఆల్బమ్‌లో ఆఖరి పాటకు అన్న వచ్చాడు. ఇంతలో ఇంట్లో పిడుగు పడింది. 2021 నవంబర్‌లో తల్లి పోయింది, 2022 మార్చిలో తండ్రి పోయాడు. నాలుగు నెలల తేడాతో ఇద్దరూ లేకుండా పోయారు.

2025 జులై 11న ‘లెట్ గాడ్ సార్ట్ ఎమ్ అవుట్’ వచ్చేనాటికి పుషాకు 48, మాలిస్‌కు 52. ఆల్బమ్ మొత్తం ఫారెల్ బీట్లే. మొదటి పాట ‘ది బర్డ్స్ డోంట్ సింగ్’. అందులో తమ్ముడు అమ్మ గురించి చెప్తాడు, అన్న నాన్న గురించి చెప్తాడు. తండ్రి చనిపోయి ఉండగా ఇంట్లో ముందు చూసింది మాలిసే. ఆ వెర్స్‌లో ఒకచోట తండ్రి ఫోన్ లాక్ సంగతి వస్తుంది. ఆయన పెట్టుకున్న కోడ్‌కు అర్థం నా ఇద్దరు కొడుకులంటే నాకు ప్రాణం అని. ఇద్దరు కొడుకుల్లో ఒకడు దేవుడి పాటలు, ఇంకొకడు సరుకు పాటలు పాడుతున్న రోజుల్లో కూడా ఆ తండ్రికి ఇద్దరూ ఒక్కటే. మీ అమ్మ ‘అన్నను ఇబ్బంది పెట్టకు’ అన్నప్పుడు అన్న పక్షం తీసుకుంటోందని నువ్వు బాధపడ్డావు. ఆమెకు మీ గ్రూపుతో పని లేదు. ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉంటే చాలు. నువ్వు ఇంకో నాలుగుసార్లు అన్నను బతిమాలితే వాడు ఇంటికి రావడం తగ్గిస్తాడని ఆమెకు అర్థమైంది.

ఆ పాటనే అన్నదమ్ములు గాయకుడు జాన్ లెజెండ్‌తో కలిసి 2025 సెప్టెంబర్‌లో వాటికన్‌లో, సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో పాడారు. మాలిస్ నడిచిన దారి తెలిసినవాళ్లకు ఆ దృశ్యం చూస్తే కళ్లు చెమర్చాయి. ఆల్బమ్ మళ్లీ 4వ స్థానంలోనే అడుగుపెట్టింది, గ్రామీలో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్‌కు నామినేట్ అయింది. దాన్ని విడుదల చేయాల్సిన డెఫ్ జామ్ లేబుల్ ఒక పాటలో ర్యాపర్ కెండ్రిక్ లామర్ వెర్స్‌ను మార్చమంటే, మార్చేది లేదని చెప్పి, డబ్బు కట్టి మరీ బయటికొచ్చేశారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఈ ఆల్బమ్‌లో అన్నే బాగా రాశాడు. 2002 మాలిస్ కంటే 2025 మాలిస్ మాటలో బరువు ఎక్కువ. నమ్మకాన్ని వదులుకుని ఆయన తిరిగి రాలేదు. వెంట పెట్టుకునే వచ్చాడు. వీధి గురించి ఇప్పటికీ చెప్తాడు, కానీ దాని బిల్లు ఎవరు కట్టారో చూసిన మనిషిలా చెప్తాడు. మధ్యలో ఆయన తప్పుకోకుండా, తమ్ముడి కోసం మొహమాటపడి ఏడాదికో ఆల్బమ్ లాగిస్తూ ఉంటే ఈ రాత వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

అయితే నీకొక మాట. వాళ్లు 16 ఏళ్లకు కలిశారు కాబట్టి మీరూ కలుస్తారని నేను మాటివ్వలేను. అలా కలవని అన్నదమ్ములు బోలెడు మంది. వాళ్లు కలవకపోయినా పుషా చేసింది సరైనదే అయ్యేది. నువ్వు కూడా తిరిగొస్తాడనే ఆశతో మంచిగా ఉంటే, ఓ ఏడాది తర్వాత ఆ ఆశ కాస్తా అప్పు వసూలుకు దిగుతుంది. అన్నకు అది తెలిసిపోతుంది.

ఇక చేతిలో ఉన్న పనులు. మీ ఇద్దరి పేరుతో ఉన్న చానల్‌లో ఇకపై నీ సోలో పాటలు పెట్టకు. వేరే చానల్ తెరువు, నీ పేరు పెట్టుకో. కొంత ఫాలోయింగ్ పోతుంది, పోనీ. పాత పాటల మీద వచ్చే డబ్బును ఇద్దరికీ, బీట్లు చేసినవాళ్లకూ ఎలా పంచాలో ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి. అన్నదమ్ముల మధ్య కాగితమేంటని ఇంట్లో ఎవరైనా అంటే వినకు. పరాయి వాళ్లతో గొడవైతే కోర్టుంటుంది, అన్నతో గొడవైతే పండక్కి ఇంటికి రావడం మానేస్తాడు. ఆ పిల్లాడి స్టేటస్‌లో ఉన్న పాటను ఏం చేయాలో మాత్రం నువ్వొక్కడివే తేల్చకు. తీసేయమని అన్న అడిగితే తీసేయి. అన్న వెర్స్‌ను స్టేజీ మీద నువ్వు చెప్పకు, ట్రాక్‌లో కూడా మోగించకు. ఆ మాటలు ఇప్పుడు వాడికి బరువు. వాడు లేని చోట వాటిని వాడకు.

రాత సంగతి కూడా చెప్పనీ. నీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న వాక్యం ఒకటుంది. ఎప్పుడూ వాటి జోలికి పోలేదు, విన్నది కలిపి రాశాం అన్నావు. మాలిస్ రాతలో భయం, పశ్చాత్తాపం ఉన్నాయంటే ఆ జీవితాన్ని దగ్గర్నుంచి చూశాడు కాబట్టి. నువ్వు రాస్తున్న గంజాయి పాటలో ఆ పిల్లాడి వాళ్లమ్మ లేదు, స్టేషన్ ముందు పడిగాపులు లేవు, లాయర్ ఫీజు కోసం తాకట్టు పెట్టిన గాజులు లేవు. ఆర్నెల్లుగా మీ గల్లీలో నిజంగా జరుగుతున్నది అదీ. నువ్వు గల్లీ గురించి మానేయాలని అనను. గల్లీ మొత్తాన్నీ రాయి. ఆ పిల్లాడి పేరు మాత్రం ఎక్కడా రాకూడదు. వాళ్ల ఇల్లు ఫలానా అని తెలిసేలా కూడా ఉండకూడదు.

కాలేజీ ఫెస్ట్‌కు ఒప్పుకో. నీ సొంత పేరు మీద వెళ్లు, పోస్టర్‌లో మీ గ్రూపు పేరు వేయొద్దని ముందే చెప్పు. కొత్తవి మూడు పాటలున్నా చాలు, పాతవాటితో గంట నింపాలని చూడకు. అన్న ఎక్కడని స్టూడెంట్స్ అరుస్తారు, ఖాయం. అప్పుడు ‘ఇంట్లో పాపను ఆడిస్తున్నాడు’ అని చెప్పి తర్వాతి పాటకు పో. వివరణ ఇవ్వకు, నోరు జారకు.

శుక్రవారానికి ఇంకా టైముంది. ఫెస్ట్ వాళ్లకు జవాబు చెప్పే ముందు అన్న దగ్గరికి వెళ్లి, నేను ఒప్పుకుంటున్నాను అని వాడికే ముందు చెప్పు. వాట్సాప్ పెట్టకు, ఇంటికి వెళ్లు. రమ్మని అడగకు. కొత్త వెర్స్ ఏదైనా ఉంటే మాత్రం చదివి వినిపించు, ఎక్కడ తేలిపోయిందో చెప్పమను. ఆరేళ్లు నీ లైన్లు దిద్దినవాడు, ఆ పని మానేస్తానని వాడేం చెప్పలేదు కదా.